Women's Match Racing: ఒలింపిక్స్‌లో ఒకే ఒక్కసారి.. స్కిప్పర్ నీళ్లలో పడినా ఐదో రేసు దాకా సాగిన ఫైనల్! మ్యాచ్ రేసింగ్ అంటే ఏంటి?

రెండు పడవలు, ఒక్కో పడవలో ముగ్గురు అమ్మాయిలు. మూడు రేసులు ఎవరు ముందు గెలిస్తే వాళ్లకే స్వర్ణం. 2012 ఆగస్టు 11న ఇంగ్లాండ్ దక్షిణ తీరంలోని వేమౌత్‌లో ఇదే జరిగింది. లండన్ ఒలింపిక్స్ సెయిలింగ్‌లో మహిళల మ్యాచ్ రేసింగ్ ఫైనల్ అది. ఒకవైపు స్పెయిన్, మరోవైపు అప్పటికి లీగ్ దశలో ఒక్క మ్యాచ్ కూడా ఓడని ఆస్ట్రేలియా. ఫైనల్ ఐదో రేసు దాకా వెళ్లింది. మధ్యలో ఒక రేసులో ఆస్ట్రేలియా స్కిప్పర్ ఏకంగా సముద్రంలో పడిపోయింది. చివరికి 3-2 తేడాతో స్పెయిన్ గెలిచింది.

ఇందులో ఇంకో విశేషం ఉంది. ఒలింపిక్స్‌లో ఈ ఈవెంట్ అంతకుముందు ఎప్పుడూ లేదు, ఆ తర్వాత కూడా లేదు. ఆ రోజు స్పెయిన్ అమ్మాయిల మెడలో పడిన స్వర్ణమే ఈ విభాగంలో మొదటిది, చివరిది కూడా.

పడవ పందేల్లో ఇది వేరే లెక్క

సెయిలింగ్ అనగానే హైదరాబాద్ వాళ్లకు హుస్సేన్‌సాగర్ రెగట్టాలు గుర్తొస్తాయి. పదుల సంఖ్యలో తెల్ల తెరచాపలు ఒకేసారి బయల్దేరతాయి. దాన్ని ఫ్లీట్ రేసింగ్ అంటారు. ఒకటో స్థానానికి ఒక పాయింటు, రెండో స్థానానికి రెండు.. చివర్లో ఎవరికి తక్కువ పాయింట్లు ఉంటే వాళ్లే విజేత. ఒక రేసులో ఐదో స్థానం వచ్చినా కొంప మునగదు, మరుసటి రోజు సర్దుకోవచ్చు.

మ్యాచ్ రేసింగ్‌లో ఆ వెసులుబాటు లేదు. నీటి మీద ఉండేది రెండే పడవలు. గెలిస్తే ఒక పాయింటు, ఓడితే సున్నా. ఎంత సమయంలో పూర్తి చేశారన్నది ఎవరికీ పట్టదు. నత్తనడకన వెళ్లినా సరే, పక్క పడవ కంటే ఒక్క అడుగు ముందుంటే చాలు. అందుకే ఇక్కడ వేగంగా వెళ్లడం ఒక్కటే కాదు, అవతలి పడవను నెమ్మదింపజేయడం కూడా ఆటలో భాగమే. చెప్పాలంటే పరుగు పందెం కంటే కబడ్డీకి దగ్గర.

పడవల్లో తేడా వల్ల ఫలితం మారకూడదు కాబట్టి ఒకే రకం పడవలు వాడతారు. చాలా రెగట్టాల్లో పడవలను నిర్వాహకులే సమకూరుస్తారు. లండన్ ఒలింపిక్స్‌లోనూ అంతే. న్యూజిలాండ్ డిజైనర్ గ్రెగ్ ఇలియట్ రూపొందించిన 'ఇలియట్ 6ఎమ్' అనే ఆరు మీటర్ల పడవలను అందుకోసం ఎంచుకున్నారు. పడవ అందరికీ ఒకటే అయినప్పుడు 'మా బోటు బాగాలేదు' అనే సాకు ఎవరికీ ఉండదు.

అసలు పోరు రేసు మొదలవ్వక ముందే!

టీవీలో మొదటిసారి చూసేవాళ్లు ఇక్కడే తికమక పడతారు. గడియారం ఇంకా సున్నాకి రాలేదు, కానీ రెండు పడవలూ ఒకదాని చుట్టూ ఒకటి గిరగిరా తిరుగుతుంటాయి. కాసేపటికి రెండూ పక్కపక్కన ఆగిపోయి తెరచాపలు టపటపా కొట్టుకుంటుంటాయి. ఏదో చెడిపోయిందేమో అనిపిస్తుంది. కానీ అదే అసలు ఆట.

స్టార్ట్‌కి సరిగ్గా నాలుగు నిమిషాల ముందు ఒక సిగ్నల్ వస్తుంది. ఆ సమయానికి రెండు పడవలూ స్టార్ట్ లైన్‌కి చెరో చివర బయట ఉండాలి. ఎడమ చివర నుంచి వచ్చే పడవ వెనుక నీలం జెండా, కుడి చివర నుంచి వచ్చే పడవ వెనుక పసుపు జెండా ఉంటాయి. రెండు నిమిషాల్లోగా ఇద్దరూ లైన్ దాటి లోపలికి రావాలి. అక్కడి నుంచి మొదలు..

ఇక్కడ ఒక రూల్ తెలిస్తే మిగతాదంతా అర్థమైపోతుంది. కుడివైపు నుంచి గాలి తగులుతున్న పడవకు దారి హక్కు ఉంటుంది. ఎడమవైపు నుంచి గాలి తగులుతున్న పడవ తప్పుకోవాలి. రోడ్డు మీద సిగ్నల్ లేని కూడలిలో ముందు ఎవరు వెళ్లాలన్న రూల్ లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ నిజంగా పాటిస్తారు! కుడి చివర నుంచి లోపలికి వచ్చే పసుపు పడవకు ఈ హక్కు మొదట్లోనే దక్కుతుంది. అందుకే అది నేరుగా నీలం పడవ మీదికి దూసుకొస్తుంది. నీలం పడవ ఆలోపే దాని ముందు నుంచి దాటేసి అవతలికి వెళ్లగలిగితే బతికిపోయినట్టు. లేదంటే గాలికి ఎదురు తిరిగి ఆగాల్సిందే. అప్పుడు రెండూ గాలికి ముఖం పెట్టి, పక్కపక్కన దాదాపు నిలిచిపోతాయి. సెయిలర్లు దీన్ని 'డయల్ అప్' అంటారు.

ఆ స్థితిలో రెండు పడవలూ నెమ్మదిగా వెనక్కి కొట్టుకుపోతుంటాయి. స్కిప్పర్ చుక్కాని పట్టుకుని అవతలి పడవనే చూస్తుంటుంది. ముందున్న అమ్మాయి దూరం, సమయం పైకి లెక్కపెట్టి చెబుతుంటుంది. మధ్యలో ఉన్నామె తెరచాపను చేత్తో గాలిలోకి తోసి పడవ ముక్కును కాస్త తిప్పే ప్రయత్నం చేస్తుంది. ఎవరు ముందు కదులుతారు, ఎటు కదులుతారు అన్నదే ప్రశ్న. తొందరపడితే రెండో పడవకు దారి ఇచ్చేసినట్టు. ఆలస్యం చేస్తే స్టార్ట్ లైన్ దగ్గరికి వేగం లేకుండా చేరినట్టు. సమయానికి ముందే లైన్ దాటితే వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి.

అందుకే పాత సెయిలర్లు మొదటి నాలుగు నిమిషాలనే చూడమంటారు. ఆ తర్వాత వచ్చే సుమారు ఇరవై నిమిషాల రేసులో చాలాసార్లు ఈ నాలుగు నిమిషాల ఫలితమే కొనసాగుతుంది.

జెండాలే తీర్పులు

ఫ్లీట్ రేసులో గొడవ జరిగితే సాయంత్రం ఒడ్డున విచారణ ఉంటుంది. మ్యాచ్ రేసింగ్‌లో అంత టైమ్ ఉండదు. అంపైర్లు మోటార్ బోటులో వెనకే వస్తుంటారు. ఒకరు నీలం పడవ తరఫున, ఇంకొకరు పసుపు పడవ తరఫున గట్టిగా మాట్లాడుకుంటూ వెళతారు. 'నాకు దారి హక్కుంది', 'నేను తప్పుకుంటున్నా', 'ఇప్పుడు తిరుగుతున్నా'.. ఇలా క్షణక్షణం చెప్పుకుంటారు. ఎందుకంటే ఘటన జరిగాక గుర్తు తెచ్చుకోవడం కష్టం. జరుగుతున్నప్పుడే ఎవరి బాధ్యత ఏంటో మాటల్లో ఉంటే తీర్పు చకచకా వస్తుంది.

అవతలి పడవ తప్పు చేసిందనిపిస్తే ఒక చిన్న జెండా ఎగరేసి ఫిర్యాదు చేయొచ్చు. కొన్ని సెకన్లలో అంపైర్ల బోటు నుంచి జవాబు వస్తుంది. ఆకుపచ్చ-తెలుపు జెండా అంటే తప్పేమీ లేదు, సాగండి అని. నీలం జెండా అయితే నీలం పడవకు పెనాల్టీ, పసుపు అయితే పసుపు పడవకు. దాంతో పాటు ఎర్ర జెండా కూడా లేస్తే పెనాల్టీని వెంటనే తీర్చుకోవాలి. నల్ల జెండా లేచిందంటే ఆ పడవ ఆట ముగిసినట్టే.

పెనాల్టీ అంటే పడవను దాదాపు ముప్పావు చుట్టు తిప్పడం. వినడానికి చిన్నదే. కానీ పడవకు బ్రేకులుండవు, యాక్సిలరేటర్ ఉండదు. ఒక్క చుట్టు తిరిగితే వేగమంతా పోతుంది, మళ్లీ పుంజుకునేసరికి అవతలివాళ్లు పడవ పొడవుకు కొన్ని రెట్లు ముందుకు వెళ్లిపోతారు. ఎర్ర జెండా లేకపోతే పెనాల్టీని రేసు చివరి వరకూ వాయిదా వేసుకోవచ్చు. ఇదిగో ఇక్కడే అసలు మజా! పెనాల్టీ బాకీ ఉన్న పడవ ముందు వెళుతున్నా లాభం లేదు, ఫినిష్ లోపు చుట్టు తిరగాలి. అందుకే ఈలోగా అవతలి పడవ కూడా తప్పు చేసేలా రెచ్చగొడుతుంది. రెండో పడవకూ పెనాల్టీ పడితే లెక్క సరి, రెండూ రద్దయిపోతాయి. చివరి ఇరవై మీటర్లలో ఫలితం తారుమారయ్యే మ్యాచ్‌ల వెనుక ఎక్కువగా ఉండేది ఈ బాకీ లెక్కే.

గాలిని దొంగిలించడం

తెరచాప పడవ నేరుగా ఎదురుగాలిలోకి వెళ్లలేదు. ఏటవాలుగా కొంత దూరం కుడికి, మళ్లీ కొంత దూరం ఎడమకి.. ఇలా మెలికలు తిరుగుతూ పైనున్న బోయ దాకా చేరాలి. ఇలా దిశ మార్చడాన్ని 'ట్యాక్' అంటారు. మన మత్స్యకారులకు ఇది కొత్తేమీ కాదు. తెరచాప పడవల కాలంలో ఇలాగే వెళ్లేవాళ్లు.

ముందున్న పడవ చేసే పని ఒకటే. వెనక వాళ్లకు వచ్చే గాలికి అడ్డంగా నిలబడటం. ముందు పడవ తెరచాపలను దాటి వచ్చే గాలి చెదిరిపోయి ఉంటుంది, దాంట్లో పడిన పడవ ఈడుస్తున్నట్టు వెళుతుంది. వెనకున్న వాళ్లు తప్పించుకోవడానికి ట్యాక్ చేస్తారు. ముందున్న వాళ్లూ వెంటనే ట్యాక్ చేసి మళ్లీ గాలి మూసేస్తారు. మళ్లీ ట్యాక్, మళ్లీ ట్యాక్.. ఒక్కోసారి వరుసగా పది, పదిహేను సార్లు. ప్రతిసారీ ముగ్గురూ పడవలో ఒక అంచు నుంచి రెండో అంచుకు దూకాలి, తాళ్లు వదలాలి, లాగాలి. చేతులు మండిపోతాయి. ఎవరి ట్యాక్ ఒక్కసారి తడబడినా సంకెల తెగుతుంది.

వెనక్కి వచ్చేటప్పుడు కథ తిరగబడుతుంది. గాలి వెనక నుంచి వస్తుంది కాబట్టి ఇప్పుడు గాలి దొంగిలించే అవకాశం వెనకున్న పడవది. బెలూన్‌లా ఉబ్బే పెద్ద తెరచాప ఎత్తి ముందున్న వాళ్ల మీదికి నీడలా వాలుతుంది. అందుకే మొదటి ల్యాప్‌లో ముందున్నారు కదా అని ఎవరూ ఊపిరి పీల్చుకోరు.

ఫైనల్ రోజు ఏం జరిగింది?

లండన్ ఒలింపిక్స్‌లో 12 దేశాలు పోటీపడ్డాయి. ముందు లీగ్ దశలో ప్రతి జట్టూ మిగతా 11 జట్లతో తలపడింది. అంటే మొత్తం 66 మ్యాచ్‌లు. ఒలీవియా ప్రైస్, నీనా కర్టిస్, లూసిండా విట్టీల ఆస్ట్రేలియా జట్టు 11కి 11 గెలిచింది. స్కిప్పర్ ప్రైస్ వయసు అప్పటికి ఇరవై ఏళ్లే. బీజింగ్‌లో సింగిల్స్ పడవలో స్వర్ణం గెలిచిన అన్నా టనిక్లిఫ్ నాయకత్వంలో వచ్చిన అమెరికా, సొంత నీళ్లలో ఆడుతున్న బ్రిటన్.. ఇద్దరూ క్వార్టర్ ఫైనల్స్‌లోనే ఇంటిదారి పట్టారు.

ఫైనల్లో ఆస్ట్రేలియాకు ఎదురుపడింది స్పెయిన్. స్కిప్పర్ టమారా ఎచెగోయెన్, తోడుగా సోఫియా టోరో, ఆంజెలా పుమారియెగా. ముగ్గురూ స్పెయిన్ ఉత్తర ప్రాంతాల వాళ్లే. ఆ రోజు గాలి గట్టిగా వీచింది, వేమౌత్ బేలో అలలు లేచాయి. ఆరు మీటర్ల పడవలకు అది తేలికైన వాతావరణం కాదు.

ఫైనల్ మధ్యలో ఒక రేసులో ఊహించనిది జరిగింది. అలల్లో పడవ ఊగిపోయి ప్రైస్ పడవలోంచి జారి నీళ్లలో పడింది. చుక్కాని పట్టుకునే మనిషే పడవలో లేకుండా పోయింది! లైఫ్ జాకెట్ ఉంటుంది కాబట్టి ప్రాణభయం తక్కువే. కానీ రేసు సంగతి వేరు. సెయిలింగ్ రూల్స్ ప్రకారం ప్రమాదవశాత్తూ పడిపోయిన మనిషి మళ్లీ పడవను పట్టుకునే వరకు ఆ జట్టు తర్వాతి బోయ వైపు ప్రయాణం కొనసాగించకూడదు. మిగతా ఇద్దరితో లాగించేద్దాం అంటే కుదరదు. వెనక్కి తిరగాలి, మనిషిని ఎక్కించుకోవాలి, అప్పుడు కదలాలి. ఇదంతా అయ్యేసరికి స్పెయిన్ అందనంత దూరం వెళ్లిపోయింది.

చాలా జట్లు ఇలాంటి దెబ్బకు కుదేలవుతాయి. తడిసిన బట్టలు, చలి, చేజారిన పాయింటు, కొద్దిసేపట్లో మళ్లీ స్టార్ట్. కానీ ఆస్ట్రేలియా అంత తేలిగ్గా వదల్లేదు. పోరును 2-2తో ఐదో రేసు దాకా లాక్కెళ్లింది. అంతా ఒక్క రేసు మీదికి వచ్చింది. ఆ ఒక్కటీ స్పెయిన్ గెలిచింది. లీగ్ దశలో ఓటమి ఎరుగని జట్టుకు రజతం మిగిలింది. రష్యాను ఓడించి ఫిన్లాండ్ జట్టు కాంస్యం అందుకుంది.

లీగ్‌లో 11 గెలుపులూ ఫైనల్లో లెక్కలోకి రావు. అదే ఫ్లీట్ రేసింగ్ అయితే ముందు రోజుల పాయింట్లు కూడా కలిసేవి. ఈ ఫార్మాట్‌లో చివరి రోజు మళ్లీ సున్నా నుంచే. నచ్చేవాళ్లకు అదే నచ్చుతుంది, నచ్చనివాళ్లు అన్యాయం అంటారు.

ఆడకముందే రద్దయిన ఈవెంట్

ఆ 36 మంది అమ్మాయిలు వేమౌత్‌కి వచ్చేసరికే ఒక విషయం తెలుసు. తర్వాతి ఒలింపిక్స్‌లో ఈ ఈవెంట్ ఉండదు. 2011 మే నెలలో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరిగిన సమావేశంలో అంతర్జాతీయ సెయిలింగ్ సమాఖ్య 2016 రియో జాబితా నుంచి మహిళల మ్యాచ్ రేసింగ్‌ను తీసేసింది. అంటే మొదటి పోటీ జరగడానికి ఏడాది ముందే చివరి పోటీ కూడా అదేనని తేలిపోయింది.

మహిళలకు కీల్ బోట్ విభాగం ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 2004లో. ఏథెన్స్, బీజింగ్‌లలో 'ఇంగ్లింగ్' అనే ముగ్గురి పడవలో ఫ్లీట్ రేసింగ్ జరిగింది, రెండుసార్లూ బ్రిటన్‌దే స్వర్ణం. లండన్‌లో దాని స్థానంలో మ్యాచ్ రేసింగ్ వచ్చింది. రియోలో ఆ విభాగమే పోయింది. వేగంగా దూసుకెళ్లే 49ఈఆర్ ఎఫ్ఎక్స్ పడవ మహిళలకు, స్త్రీ పురుషులు కలిసి నడిపే నాక్రా 17 మిక్స్‌డ్ విభాగానికి వచ్చాయి.

నిర్వాహకుల వైపు నుంచి చూస్తే ఇది బరువైన ఆటే. ఒకే రకం పడవలు తెచ్చి పెట్టాలి, ప్రతి మ్యాచ్‌కూ అంపైర్ల బోటు కావాలి, ఒకేసారి నీటి మీద ఉండేది కొద్ది పడవలే కాబట్టి రోజుల తరబడి సాగుతుంది. గాలి లేకపోతే ఒడ్డున ఎరుపు-తెలుపు చారల జెండా ఎగరేసి గంటలు గంటలు కూర్చోవాలి. ఇవన్నీ నిజమే. కానీ సెయిలింగ్ గురించి ఏమీ తెలియని మనిషి కూడా 'ఎవరు ముందున్నారు' అని ఒక్క చూపులో చెప్పగలిగే ఫార్మాట్ ఇదొక్కటే. చూసేవాళ్లకు అంత తేలిగ్గా అర్థమయ్యే ఈవెంట్‌కు ఒక్క ఒలింపిక్స్‌తోనే తెరపడటం విడ్డూరమే.

ఆ అమ్మాయిలు ఆగిపోలేదు

లండన్‌లో తలపడిన వాళ్లలో పలువురు తర్వాత మహాసముద్రాల మీదికి వెళ్లారు. 2017-18 వోల్వో ఓషన్ రేస్‌లో మొదటి మూడు స్థానాల్లో నిలిచిన పడవల్లో వేమౌత్ మ్యాచ్ రేసింగ్ ముఖాలు కనిపిస్తాయి. విజేత డాంగ్‌ఫెంగ్‌లో ఫ్రాన్స్ సెయిలర్ మారీ రియూ, రెండో స్థానం పొందిన మ్యాప్‌ఫ్రేలో టమారా ఎచెగోయెన్, మూడో స్థానంలోని బ్రునెల్‌లో బ్రిటన్‌కు చెందిన ఆనీ లష్. డాంగ్‌ఫెంగ్ గెలుపుతో మారీ రియూ, ఆమె సహచరి కారోలిన్ బ్రౌవర్ ఆ రేసు గెలిచిన తొలి మహిళలయ్యారు. ఎచెగోయెన్ 49ఈఆర్ ఎఫ్ఎక్స్‌లో 2016లో ప్రపంచ చాంపియన్ అయింది. అదే ఏడాది రియోలో మాత్రం నాలుగో స్థానంతో పతకం చేజారింది.

సుదూర సముద్ర యానం అంటే తెలుగువాళ్లకు ఐఎన్ఎస్‌వీ తరిణి గుర్తుకు రావాలి. 2017-18లోనే వర్తికా జోషి నాయకత్వంలో ఆ పడవలో ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఆరుగురు నేవీ మహిళా అధికారుల్లో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి. ఐశ్వర్య ఉన్నారు. అయితే అది పడవకు, సముద్రానికి మధ్య పోరు. మ్యాచ్ రేసింగ్‌లో అసలు ప్రత్యర్థి రెండు మీటర్ల దూరంలో కూర్చుని మీ కళ్లలోకే చూస్తుంటుంది.

ఇప్పుడు ఎక్కడ జరుగుతోంది?

ఒలింపిక్స్ తలుపు మూసుకున్నా ఆట ఆగలేదు. 2013లో మహిళల కోసం ప్రత్యేకంగా అంతర్జాతీయ మ్యాచ్ రేసింగ్ సిరీస్ మొదలైంది, అదే తర్వాత మహిళల వరల్డ్ మ్యాచ్ రేసింగ్ టూర్‌గా మారింది. ప్రపంచ చాంపియన్‌షిప్ వేరేగా ఉంది. 2022లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో జరిగిన పోటీలో ఫ్రాన్స్ స్కిప్పర్ పౌలీన్ కోర్టువా టైటిల్ గెలిచింది.

ఇక 2024లో బార్సిలోనాలో తొలి మహిళల అమెరికాస్ కప్ జరిగింది. నీటి మీద తేలడం కాదు, రెక్కల మీద లేచి ఎగిరే ఏసీ40 పడవలు. 12 జట్లు ముందు ఫ్లీట్ రేసులు ఆడాయి. కానీ కప్పు ఎవరిదో తేల్చింది మాత్రం మ్యాచ్ రేసే. అక్టోబర్ 12న జరిగిన ఆ ఒక్క మ్యాచ్‌లో ఇటలీ జట్టు లూనా రోసా, బ్రిటన్ జట్టును ఓడించింది.

వీడియోలో ఏం గమనించాలి?

ఫోన్‌లో చూసేవాళ్లు చాలామంది స్టార్ట్ దాకా స్కిప్ చేసేస్తుంటారు. అలా చేయకండి. స్క్రీన్ మీద కౌంట్‌డౌన్ 4:00 దగ్గర ఉన్నప్పుడే ఆపి, ఏ పడవ వెనుక పసుపు జెండా ఉందో చూడండి. దారి హక్కుతో లోపలికి వచ్చేది అదే. 2:00 దగ్గర నీలం పడవ తప్పించుకుందా, ఆగిపోయిందా చూడండి. ఆ తర్వాత విజిల్ వినిపించిన ప్రతిసారీ పడవలను వదిలేసి వెనకనున్న మోటార్ బోటులో ఏ రంగు జెండా లేచిందో వెతకండి.